నాలుగేళ్ళ అనుభవం

తారక్ ఇంటర్వ్యూ గదిలో కూర్చున్నాడు గానీ, అతని ప్రాణం గొంతులో కూర్చుంది.

బయోడేటాలో నాలుగేళ్ళ అనుభవం ఉంది. టీమ్ లీడర్ అని కూడా ఉంది. నిజానికి ఆ నాలుగేళ్ళలో రెండేళ్ళు కాకినాడలో డిగ్రీ చదివాడు, రెండేళ్ళు అమీర్‌పేట హాస్టల్లో నీళ్ళ సాంబారు తాగాడు. అమీర్‌పేటలో ఇడ్లీతో పాటు అనుభవం కూడా దొరికే రోజులవి. తారక్ అనుభవమంతా కోచింగ్ సెంటర్ కామరాజు సారు రహస్యంగా చేతిలో పెట్టిన పసుపు అట్ట నోట్సులో ఉంది. ప్రాజెక్టు నట్టేట్లో ఉన్నప్పుడు నాయకుడు నిర్ణయం ఎలా తీసుకోవాలో అందులో ఒక కథ ఉంది. తారక్ దాన్ని ఎక్కాల్లా బట్టీ కొట్టాడు.

ఈ ఉద్యోగం రాకపోతే సోమవారం నుంచి మేనమామ సిమెంటు కొట్లో కూర్చోవాలి.

ఎదురుగా మేనేజర్ విజయేందర్. పంజాగుట్ట ఆఫీసు, చల్లటి ఏసీ. అయినా కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటున్నాడు.

"మస్తు పెద్ద ప్రాజెక్టు నడిపినవట. జెప్పు తమ్మీ."

"బట్టల షోరూములకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చామండీ. పాతది తీసేసి కొత్తది పెట్టిన రోజు పొద్దున్నే అన్ని షాపుల్లోనూ బిల్లులు ఆగిపోయాయి."

విజయేందర్ ముందుకు వంగాడు. "అరె! అన్ని షాపులల్లనా?"

తలుపు తోసుకుని అతని టీమ్‌లో పనిచేసే మంజూష వచ్చింది. "సార్, అందరూ మీ కోసమే చూస్తున్నారు. ఏదో ఒకటి తేల్చండి. క్లయింట్ ఫోన్లు ఎత్తలేక చస్తున్నాం."

"పది నిమిషాలాగమను. ఇంటర్వ్యూల ఉన్న."

బయట అంత గోలగా ఉన్నా విజయేందర్ కుర్చీలోంచి కదల్లేదు. లీడర్ అంటే ఇతనూ, అనుకున్నాడు తారక్.

"ఊఁ. ముందుగాల ఎవరిని పిలిచినవ్? క్లయింట్‌కు ఏమని జెప్పినవ్?" విజయేందర్ పెన్ను తీశాడు. ప్రతి జవాబూ రాసుకుంటున్నాడు. అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకుంటున్నాడు.

తారక్‌ని కామరాజు సారు ముందే హెచ్చరించాడు. గుచ్చి గుచ్చి అడుగుతున్నారంటే అనుమానం వచ్చినట్టేనట.

"టీమ్ మొత్తాన్ని ఒక గదిలో కూర్చోబెట్టానండీ. పాతదానికి మళ్ళడం, కొత్తదాన్నే బాగుచేయడం అని రెండు దార్లూ బోర్డు మీద రాశాను..."

బల్ల మీది నీళ్ళ గ్లాసు అందుకుంటూ ఆగిపోయాడు.

"రాసి?" విజయేందర్ పెన్ను గాల్లో నిలబడిపోయింది.

మంజూష మళ్ళీ తొంగిచూసింది. "సార్, క్లయింట్ మన ఆఫీసుకే బయల్దేరాడంట!"

"రెండే నిమిషాలమ్మా!" అని విజయేందర్ లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

అయిపోయింది, సిమెంటు కొట్టే గతి. తారక్ కూడా లేచి నిలబడ్డాడు. "సార్, క్షమించండి. నిజం చెప్పేస్తాను..."

విజయేందర్ చెయ్యెత్తి అతన్ని ఆపి, సొరుగులోంచి పసుపు అట్ట నోట్సు తీసి బల్ల మీద పరిచి, గొంతు తగ్గించి అన్నాడు: "నిజం తర్వాత జెప్దువు గాని తమ్మీ, నా జిరాక్సుల నలభై రెండో పేజీ పడలే, బోర్డు మీద రాసినంక ఏం జేయాల్నో జర జల్ది జెప్పు!"