ఐదు స్టార్ల ఫ్యాను

ఆదోనిలో కరెంటు ఆఫీసు వరండాలో పద్మమ్మను చూడగానే రాజశేఖర్‌కు ఒళ్ళు మండింది.

ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినట్టుంది. బెంచీ మీద కొంగు కప్పుకుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె వీధిలోనే మగ్గం నేసే మద్దిలేటి.

రాజశేఖర్ కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. కరెంటు ఆదా పథకం కింద ఇళ్ళకు ఫ్యాన్లు అమ్మే ఏజెన్సీ అతనిది. పాత ఫ్యాను ఇచ్చేసిన వాళ్ళకు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త ఫ్యాను సగం ధరకే ఇవ్వాలి. మిగతా సగం ప్రభుత్వం ఏజెన్సీకి కడుతుంది. రాజశేఖర్ పాత మోటార్లకే రంగు పూయించి, ఐదు స్టార్ల స్టిక్కరు అంటించి అమ్మాడు. “మగ్గాల వాళ్ళకు స్టార్లంటే ఆకాశంలో ఉండేవే. ధైర్యంగా అంటించండి” అని తన దగ్గర పనిచేసే వాళ్ళకు చెప్పేవాడు.

“ఒక్క ఫ్యాను కోసం ఆఫీసు దాకా రావల్లా? కొత్తది పంపిస్తా. లోపలికి పోయి కేసు వద్దని చెప్పు,” అన్నాడు.

“వీధికంతా పంపిస్తావా?”

అతనికి నవ్వొచ్చింది. “వీధితో నీకేం పని?”

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

లోపల విచారణ అధికారి రాధిక, ఇలాంటి అమ్మకాలకు కొత్తగా వచ్చిన నిబంధనలు చదివి వినిపించింది. ప్రభుత్వ మనుషులమని చెప్పుకోకూడదు. భయపెట్టి అమ్మకూడదు. ఈరోజే ఆఖరని తొందరపెట్టకూడదు. రాజశేఖర్ ఆవులింత ఆపుకున్నాడు. ఇవన్నీ పాటిస్తే ఎమ్మిగనూరులో అగ్గిపెట్టె కూడా అమ్ముడుపోదని అతని నమ్మకం.

ముందు మద్దిలేటి చెప్పాడు. ఏజెన్సీ వాళ్ళు మెడలో కార్డులు వేసుకుని వచ్చారు. పాత ఫ్యాను ఉంచుకుంటే మీటరు పీక్కుపోతారన్నారు. వీధి వీధంతా ఉన్న ఫ్యాన్లు విప్పి వాళ్ళ చేతిలో పెట్టింది. నడి ఎండాకాలంలో కొత్తవి ఒకదాని వెనక ఒకటి కాలిపోయాయి. మగ్గం గుంతలో కూర్చుంటే చెమట బొట్లు నేత మీద పడి, చీరలకు మరకలయ్యాయి.

“ఎవరో వచ్చి చెబితే విప్పి ఇచ్చేస్తారా?” అని రాధిక అడిగింది.

“మొదలు పద్మమ్మక్క ఇంట్లో బిగించినాడు మేడం. ఆయమ్మకు అన్యాయం సేస్తాడా అనుకుంటిమి.”

అదే కిటుకు. ఏ ఇంట్లో ఫ్యాను ముందు తిరిగితే ఆ వీధి తలుపులన్నీ తెరుచుకుంటాయో రాజశేఖర్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ ఇంటికి మాత్రం ఒక మంచి ఫ్యాను పెడదామా అని క్షణం ఆలోచించి, దండగ అనుకున్నాడు. ఆమెకేం తెలుస్తుందని, రంగేసిన పాత మోటారే బిగించాడు.

తన వంతు రాగానే లేచి గొంతు సవరించుకున్నాడు. తప్పు ఫ్యాన్లది కాదు, ఆ వీధి వోల్టేజీది అన్నాడు. వీళ్ళకు వాడుకోవడం చేతకాదన్నాడు. చదువు లేని మనుషులు, ఎవరో వెనక ఉండి ఆడిస్తున్నారన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పద్మమ్మ తలెత్తి అతన్ని ఒకసారి చూసింది.

రాధిక ఆమె వైపు తిరిగింది. “మీరెందుకు నమ్మారమ్మా? ఎవరినైనా అడిగి ఉండాల్సింది కదా.”



“ఈయప్ప మాట నమ్మకుంటే ఇంకెవరి మాట నమ్మల్ల మేడం,” అంది పద్మమ్మ. “ఫ్యాను కోసం రాలేదు నేను. కొళాయి కాడికి పోతే ఆడోళ్ళు నన్ను సూసి మాటలు ఆపేస్తాండారు. నీకెంత ముట్టింది పద్మమ్మా అని మొగం మీదనే అడిగిరి. ఏమని సెప్పల్ల?”

ఏడుస్తుందేమోనని రాజశేఖర్ విసుగ్గా ఫోను తీశాడు. ఆమె ఏడవలేదు. సంచిలోంచి కాలిపోయిన మోటారు తీసి బల్ల మీద పెట్టింది. రంగు పెచ్చులూడి, కింద పాత తుప్పు కనబడుతోంది. రాధిక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫైలులో రాసుకుంది.

ఏజెన్సీ అనుమతి రద్దయింది. వీధిలో ప్రతి ఇంటికీ మంచి ఫ్యాను సొంత ఖర్చుతో బిగించాలని ఉత్తర్వు వచ్చింది. రాజశేఖర్ నవ్వు మొహంతోనే సంతకం పెట్టాడు. ఇంకో పేరుతో ఆలూరులో బోర్డు కడితే సరి. ఆ పల్లెల్లో ఈ నిబంధనలు చదివేవాడెవడు?

బయటికొచ్చేసరికి రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు నిలబడి ఉంది. మద్దిలేటి ముందుగా ఎక్కి సీటు పట్టుకున్నాడు. రాజశేఖర్‌కు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. పద్మమ్మ తన కారులో దిగడం చూస్తే, గొడవ సర్దుకుందని వీధి అనుకుంటుంది. ఫ్యాన్ల సంగతి నెమ్మదిగా మరుపున పడుతుంది. గబగబా పోయి కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కు, ఇంటి కాడ దింపుతా. నలుగురూ చూస్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి.”

“కన్నదాన్ని, ఎప్పుడొచ్చినా ఇంత కూడు పెడతా గాని, నీ మాట మాత్రం ఇంక ఇనను,” అని పద్మమ్మ కొడుకును దాటుకుని బస్సెక్కింది.