ఆరుంబావు దీపాలు

కెమెరా వెనక మూత తెరిచి ఉంది!

గిరిప్రసాద్ గబుక్కున దాన్ని మూశాడు. నాలుగు సాయంత్రాలు హోసూరు కొండెక్కి తీసిన రీలంతా వెలుతురు తగిలి పాడైపోయింది.

కొత్త క్యాలెండరుకు ఊరి ఫోటో మూడు రోజుల్లో ఇవ్వాలి. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న మనిషికి, తన పేరుతో అచ్చయ్యే మొదటి ఫోటో అది.

తను నీళ్లు తాగి వచ్చేలోపు కెమెరా సంచి దగ్గర ఉన్నది ఒక్కడే. రోజూ కొండెక్కి వచ్చి పక్కన కూర్చునే ముసలాయన, వరదప్ప.

మొదటిరోజే అడిగాడు. "దేనికి కాచుకోనుండావప్పా?"

"ఆకాశం నీలంగా ఉండంగానే కింద దీపాలు వెలగాల. చీకటి పడినాక తీస్తే ఏముంది, మసి!"

మర్నాటి నుంచి దీపాలు సరిగ్గా ఆ వేళకే వెలిగాయి. అదృష్టం అనుకున్నాడు గిరిప్రసాద్.

వరదప్పది మాత్రం రోజూ ఒకటే ప్రశ్న. "ఇంగెంత సేపప్పా?"

చెప్పగానే మోకాళ్లు పట్టుకుంటూ గబగబా దిగిపోయేవాడు.

"సరిగ్గా ఫోటో వేళకే పరిగెత్తుతావే, దొంగా! ఇదేనా నీ పని?"

గిరిప్రసాద్ కొట్టిన దెబ్బకు ముసలాయన చెంప ఛెళ్లుమంది.

"నేను ముట్టలేదప్పా."

అంతే అన్నాడు. ఆరోజు మెట్లు నెమ్మదిగా దిగాడు.

మర్నాడు కొత్త రీలు. ఆకాశం నీలమైంది. కింద ఒక్క దీపమూ వెలగలేదు. అంతా నల్లబడ్డాక, ఆరున్నరకు వెలిగాయి.

రెండోనాడూ అంతే.

మూడోనాడు కెమెరాను బయటికి లాగుతుంటే సంచి పట్టీ మూత గొళ్లానికి తగులుకుంది. వెనక మూత టక్కున తెరుచుకుంది. తన కళ్ల ముందే.

గిరిప్రసాద్ ఆకాశం వైపు చూడలేదు. కిందికి పరిగెత్తాడు.

"వరదప్ప ఇల్లు యాడ?"

మెట్ల కింద టీ అంగడాయన సందులోకి చెయ్యి చూపించాడు.

గడపలో వరదప్ప పెళ్లాం రంగమ్మ కూర్చుని ఉంది. లోపల ఖాళీ చాప తలవైపున దీపం.

"మూడు దినాల కింద రాత్రి అన్నం వద్దని పండుకున్నాడు. మళ్లీ లేవలేదప్పా."

గిరిప్రసాద్ చెప్పులు విడిచి గడప ముందు కూర్చున్నాడు.

"ఏం పని చేసేవాడమ్మా?"

"వీధి దీపాల స్విచ్చి వేసే పని. ఆరున్నరకు వేయాల్సినవి ఆరుంబావుకే వేస్తా ఉండె. ఆపీసులో తిట్టినా వినలే. కొండ మీద ఒకాయన మన ఊరిని ఫోటో తీస్తా ఉండాడు, ఆయనకు నీలం పోకముందే దీపాలు కావాలంట, అనె."

కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"చెంప మీద వేళ్లు తేలినాయప్పా. ఎవరు కొట్టినారంటే చెప్పలే. నీకేమన్నా తెలుసునా?"

"నేనే కొట్టినానమ్మా. ఆ మూత తెరిచింది కూడా నేనే."