పన్నెండు అంగుళాల ప్రార్థన

“ఇంకొక్క రోజు లెక్క తప్పిందంటే మీకూ మాకూ చెల్లు మేడమ్,” అన్నాడు చౌహాన్ ఫోనులో.

చౌహాన్ ఉండేది హిమాచల్‌లో. కాళ్ళకు చెక్కలు కట్టుకుని జనం మంచు మీద జారే ఒక కొండకి మేనేజరు. రిబ్కా ఉండేది తిరువూరులో, వాళ్ళమ్మ వంటగది పక్క గదిలో. ఆ కొండ మీద రేపు ఎన్ని అంగుళాల మంచు పడుతుందో కంప్యూటర్లో పటాలు చూసి, రోజూ సాయంత్రం నాలుగింటికల్లా రాసి పంపడం ఆమె ఉద్యోగం. ఫ్రిజ్‌లో తప్ప మంచుగడ్డ మొహం చూసిన పిల్ల కాదు. అయినా చలికాలం మొదలైనప్పటి నుంచీ బాగానే నెట్టుకొచ్చింది. ఈ వారంలోనే రెండుసార్లు బోల్తా పడింది. పడుతుందన్న రోజు ఎండ కాసింది. ఎండన్న రోజు మోకాలి లోతు పడింది.

ఆ సాయంత్రం ఆరు అంగుళాలని పంపి, ఏడుపు మొహంతో కూర్చుంది. తల్లి హన్నమ్మ సంగతేమిటని అడిగితే అంతా చెప్పుకుంది. హన్నమ్మకు కొండ సంగతి అర్థం కాలేదు గానీ ఆరు అంగుళాల సంగతి బాగా అర్థమైంది. నేరుగా చర్చి స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళి, ఇరవైమంది ఆడవాళ్ళనీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది.

“ఆరు అంగుళాలు ప్రభువా. ఐదొద్దు, ఏడొద్దు,” అని ప్రార్థించింది.

పొద్దున్నే కొండ మీద టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా ఆరు. నమ్మనివాళ్ళు చౌహాన్‌కి ఫోన్ చేసి అడుక్కోవచ్చు.

మర్నాడు నాలుగంది, నాలుగే పడింది. ఆ మర్నాడు ఒకటిన్నర అంది. ప్రార్థనలో అర ఏంటే, నోరు తిరగదని తల్లి విసుక్కుంది గానీ, ఆ అర కూడా పడింది. నాలుగో రోజుకల్లా రిబ్కా పటాలు చూడటం మానేసింది. తోచిన అంకె ముందు తల్లికి చెప్పేది, తర్వాత చౌహాన్‌కి పంపేది. చౌహాన్ కూడా మేడమ్ నుంచి మేడమ్‌జీకి దిగాడు.

ఇంతలో కొండ మీద శనివారం పోటీలు వచ్చిపడ్డాయి. పోటీలకి పన్నెండు అంగుళాలు పడాలట. దేశం నలుమూలల నుంచీ జనం ఆమె అంకె చూసుకునే బయల్దేరుతున్నారనీ, ఇది తప్పితే ఆమె ఉద్యోగంతోపాటు తన ఉద్యోగం కూడా పోతుందనీ చెప్పాడు చౌహాన్. రిబ్కా కళ్ళు మూసుకుని పన్నెండని రాసి పంపేసింది.

శుక్రవారం కూటంలో హన్నమ్మ పన్నెండు అనగానే, పాటలు ఎత్తుకునే ప్రేమావతి మోకాళ్ళ మీంచి లేచింది.

“పన్నెండేంటక్కా? అక్కడ ముసలీ ముతకా, పిల్లా జెల్లా ఏమైపోవాలి? ఇక్కడ కాస్త పొగమంచు దిగితేనే నేను చెవులకి తువ్వాలు చుట్టుకుంటున్నా.”

“వాళ్ళకదే కావాలంట. డబ్బులిచ్చి మరీ జారతారంట.”

“డబ్బులిచ్చి జారేవాళ్ళు ఎక్కడన్నా ఉంటారా? నీ కూతురి ఉద్యోగానికి ఊరందర్నీ చలికి చంపుతావా?”

“నీ కొడుకు పరీక్షకి మేం పస్తులుండి ప్రార్థన చెయ్యలా?”

“ఏం లాభం? తప్పాడుగా.”

“వాడు పుస్తకం తియ్యకపోతే అది మా తప్పా?”

అంతే. ప్రేమావతి సంచీ, పాటల పుస్తకం సర్దుకుని బయటికి నడిచింది. ఆవిడ వెనకే సగంమంది లేచారు. వీధికి తూర్పు కొసన హన్నమ్మ వర్గం పన్నెండు అంగుళాలకి ప్రార్థన పెట్టింది. పడమటి కొసన ప్రేమావతి తన అరుగు మీద ఆ పేదవాళ్ళ కొండ మీద ఎండ కాయాలని ప్రార్థన పెట్టింది. ఇద్దరూ మైకులు కూడా పెట్టించారు. మధ్యలో రిబ్కాకి కుడి చెవిలో మంచు, ఎడమ చెవిలో ఎండ. ఆ పూట అన్నం కూడా సహించలేదు ఆ పిల్లకి.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది. చేసింది చౌహాన్. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. కొండకి తూర్పు పక్క కొలిచినట్టు పన్నెండు అంగుళాలట. పడమటి పక్క రవ్వంత లేదట, పైగా ఎండ మండిపోతోందట. నడుమ ఎవరో సున్నంతో గీత గీసినట్టుందట.

“మరి నా ఉద్యోగం సార్?” అంది రిబ్కా.

“ఉద్యోగానికేం మేడమ్‌జీ? పోటీలవాళ్ళు ఈ పక్క జారుతున్నారు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు ఆ పక్క చాపలేసుకుని ఎండ కాగుతున్నారు. ఇలాంటి కొండ ప్రపంచంలో ఇంకోటి లేదని జనం విరగబడుతున్నారు. సీజన్ అయ్యేదాకా రోజూ ఇలాగే ఉంటుందని రాసెయ్యండి. ఒక్కరోజు తేడా వచ్చిందా, ఇద్దరం ఇంటికే.”

రిబ్కా అప్పటికప్పుడే రాసి పంపేసింది. ఆ కబురు తల్లికి చెబుదామని సంతోషంగా వాకిట్లోకి పరిగెత్తింది.

వాకిలి నిండా ఆడవాళ్ళు. నడుమ పాస్టరు అయ్యగారు. విడిపోయిన ఇళ్ళు రెంటికీ తెల్లవారగానే వెళ్ళి, క్షమాపణ గురించి గంటసేపు వాక్యం చెప్పి, ఇరుపక్షాలనీ వెంటబెట్టుకొచ్చాడట. హన్నమ్మా ప్రేమావతీ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని ఏడుస్తున్నారు. నాదే తప్పంటే నాదే తప్పంటున్నారు. ఈ సాయంత్రం నుంచి అందరం ఒకే చోట, ఒకే మాటగా ప్రార్థన చేద్దామని అయ్యగారంటే అందరూ ఆమేన్ అన్నారు.

గుమ్మంలోనే రిబ్కాకి తను ఇప్పుడే రాసి పంపిన ‘రోజూ ఇలాగే’ గుర్తొచ్చింది. ఆ తర్వాత మెట్లు దిగి, ప్రేమావతి భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది.

“పిన్నీ, నిన్న నువ్వు వెళ్ళిపోయాక మా అమ్మ నిన్ను ఎన్ని మాటలందో చెప్పనా?”