గుమ్మంలో కోటమ్మ

చీమల పుట్టకు ఏడు తలుపులు. ఏది తెరవాలో, ఏది మూయాలో రోజూ ఆకు మీద తలుపుకో గీత గీసి పంపేది గండుచీమ గంగులప్ప. ఒకరోజు ఒక గీత మరిచాడు. మూయని ఆ తలుపులోంచి వాననీరు వచ్చి సగం గుడ్లను ఈడ్చుకుపోయింది. తిట్లు మాత్రం తలుపులు మూసే ఆడచీమలకు పడ్డాయి.

మర్నాటి నుంచి వాటిలో కోటమ్మ అనే చీమ గుమ్మంలో కూర్చుంది. ప్రతి ఆకునూ తను చూశాకే లోపలికి పంపుతోంది.

"నా రాతకే పరీక్షా?" గంగులప్ప మీసాలు ఎగరేశాడు.

"ఎవరి రాతకైనా ఇంతే బావగారూ. ఆరు గీతలే ఉన్నాయి. వాగువైపు తలుపు సంగతేంటి?"

"చెయ్యి తొందరపడిందిలే."

"పడనివ్వండి. దిద్దాక వెళ్దురుగాని."

గొణుక్కుంటూనే దిద్దాడు. సాయంత్రం వాన దంచికొట్టింది. గుడ్లన్నీ పొడిగా ఉన్నాయని చూసుకుని ఆడచీమలు హమ్మయ్య అనుకున్నాయి.

తెల్లారేసరికి గంగులప్ప ఆకుతో వచ్చి నిలబడ్డాడు. "ఎవరూ లేవకముందే ఓసారి చూసిపెట్టు కోటమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.