కొంగను చెడగొట్టిందెవరు

మడుగులో పడుకునే ఒక గేదె వీపు మీద ఒక కొంగ కాపురం పెట్టింది. గేదెకు తొందరంటే తెలియదు. కొంగకు నిమ్మళమంటే తెలియదు. ఆకు కదిలినా మెడ సాచి అటూ ఇటూ చూసేది.

"అంత కంగారెందుకు మరదలా?" అని గేదె నవ్వేది.

"అంత బద్ధకమేంటి వదినా?" అని కొంగ దెప్పేది.

వానాకాలం గడిచేసరికి కొంగ నోట్లో ఏమీ లేకపోయినా నెమరు వేస్తూ కునుకు తీయసాగింది. గేదేమో గాలి వీచినా మెడ సాచి చూడసాగింది. తాము మారిన సంగతి ఇద్దరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం కొంగను పట్టుకుందామని ఒక నక్క తుంగ చాటున పొంచి వచ్చింది. కొంగ దాన్ని చూసింది గానీ, లేద్దాంలే అనుకుంటూ దవడలు ఆడిస్తూ కూర్చుంది. గేదె మాత్రం ఉలిక్కిపడి ఒక్క గెంతు గెంతింది. కొంగ బురదలో పడింది. ఎగిరిన బురదనీళ్లు ముఖాన కొట్టేసరికి నక్క తుమ్ముకుంటూ పారిపోయింది.

"నక్క వచ్చినా కదలవా? నిన్నింతలా చెడగొట్టిందెవరే?" అని గేదె కోప్పడింది.

కొంగ తీరిగ్గా లేచింది. "ఏమో వదినా. రోజంతా నీ దగ్గరే ఉంటాను. నాకు బయటివాళ్ల సావాసమే లేదు."

కొంగను చెడగొట్టిందెవరా అని ఇద్దరూ సాయంత్రం దాకా ఆలోచించారు.