దిబ్బ మీద కంచె

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన మరుసటి వేసవి. మైపాడుకు దక్షిణాన ఉన్న చిన్న పల్లెలో, ఆవును తోలుకుని ఇసుకదిబ్బ ఎక్కిన అంకాలమ్మకు ముళ్లకంచె అడ్డం వచ్చింది.

కంచె వెనక చేతికర్రతో ఒక ముసలాయన. ఊరికి కొత్త.

"ఎవురయ్యా నువ్వు? దిబ్బకు కంపేసినావేంది?"

"వానలొచ్చి గడ్డి గింజ రాలేదాకా ఇటు తోలబాక తల్లీ. అవతల బీడంతా మేపుకోండి."

"అవతల ఏముంది, మట్టి తప్ప? ఆవు వట్టిపోతే నా బిడ్డకు పాలు నువ్విస్తావా?"

అంకాలమ్మకు జ్వరమొచ్చి పాలు ఇంకిపోయాయి. సంకలోని పసిదానికి ఆ ఆవే దిక్కు. బిడ్డ కాస్త ఎక్కువసేపు నిద్రపోయినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది ఆమె.

"గడ్డి వేరు చస్తే ఇసుక నిలవదమ్మా."

"మా తాతలనాటి ఇసుక, నువ్వొచ్చినావని లేచిపోతుందా?"

మర్నాడు కంచె దూరిన కోడెను అతడు తాటిచెట్టుకు కట్టేశాడు. ఊరంతా కర్రలతో కదిలింది.

"వీడు బందెలదొడ్డి మనిషిరా! మన గొడ్లను పట్టిచ్చి జుల్మానా కట్టించేదానికి వొచ్చినాడు," అని అరిచాడు కోడె సొంతదారు కామాక్షయ్య.

"రేపు నా ఆవునీ కట్టేస్తాడు. నా బిడ్డ దక్కదు," అంది అంకాలమ్మ. మొదటి రాయి ఆమే విసిరింది.

ముసలాయన నుదుటి నెత్తురు తుడుచుకున్నాడు.

"కోడెకు నీళ్లు పెట్టినా. ఇప్పుకోని పోండి," అని దిబ్బ దిగి వెళ్లిపోయాడు.

కంచె పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఆవు చెంబుల కొద్దీ పాలిచ్చింది. బిడ్డ నడక నేర్చింది.

మూడో వేసవికి దిబ్బ మీద పరక మిగల్లేదు. గాలి లేచింది. ఇసుక చేలమీద పడింది, తాగే నీళ్ల చెలమను పూడ్చింది. ఒక పొద్దున అంకాలమ్మ తలుపు తోస్తే తెరుచుకోలేదు.

పిల్లనూ ఆవునూ తీసుకుని ఇందుకూరుపేట దారి పట్టింది.

దారిలో బావి దగ్గర ఆదిశేషమ్మ అనే ఆవిడ ఆవుకు నీళ్లు తోడిపోస్తూ అడిగింది.

"ఎందుకమ్మా వూరు విడిచినారు?"

"ఇసుక మింగేసిందక్కా. కంచేసిన ముసలాయన చెప్తానే ఉన్నాడు, మేమే రాళ్లతో తరిమినాం."

ఆదిశేషమ్మ చేతిలో చేద ఆగిపోయింది.

"నుదుటి మీద దెబ్బతో వొచ్చినాడే, మా పెదనాయన."

"యాడున్నాడక్కా? కాళ్లు పట్టుకుంటా."

"పోయిన కార్తీకంలో కాలం చేసినాడు."

"మాకు చెప్పిచెప్పి మొత్తుకున్నాడు. ఇసుక లేస్తుందని ఆయనకెట్టా తెలుసక్కా?"

"ఒకప్పుడు ఈ తీరం వెంబడి అందరికన్నా పెద్ద ఆవులమంద మా పెదనాయనదేనమ్మా, అది మేసిన దిబ్బ కిందే మా పాత వూరు పూడిపోయింది."