రంగుతో రాసిన పేరు

పగడదీవి దేశంలో ప్రతివారి ఓటూ ముంజేతి గడియారంలోనే ఉంటుంది. ఎప్పుడైనా ముల్లు తిప్పి పార్టీ మార్చుకోవచ్చు. రోజూ సాయంత్రం ఆరింటికి లెక్క తీస్తారు. సగానికి ఒక్క ఓటు తగ్గినా ప్రభుత్వం పడిపోతుంది. అందుకే సింహాలమ్మ పదకొండేళ్లుగా ప్రధానమంత్రి గది బయటి పలక మీద పేరు సుద్దముక్కతోనే రాస్తోంది.

ఇవాళ కొత్త చట్టం వచ్చింది. ఈ సాయంత్రం లెక్క ఇక నాలుగేళ్లు కదలదు. మొట్టమొదటిసారి ఆమె చేతికి కుంచె, రంగుడబ్బా ఇచ్చారు. ఊపిరి బిగబట్టి 'కనకాంబ' అని రాసింది. సున్నా ముత్యంలా కుదిరింది.

ఆరుకు రెండు నిమిషాలుండగా ప్రధాని కనకాంబ పాలిపోయిన ముఖంతో బయటికొచ్చింది.

"ఒక్క ఓటు తగ్గింది సింహాలమ్మా. చెరిపెయ్."

అలవాటుగా తడిగుడ్డ తీసింది సింహాలమ్మ. పచ్చిగా మెరుస్తున్న అక్షరాల దాకా వెళ్లి చెయ్యి ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎదుటి పార్టీని దాటని తన గడియారం ముల్లును చటుక్కున కనకాంబ పార్టీ వైపు తిప్పేసింది.

కనకాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా మీద ఇంత నమ్మకమా?"

"మీ మీద కాదమ్మా," అంది సింహాలమ్మ, గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంటూ. "ఆ సున్నా మళ్లీ అంత బాగా రాదు."